ఆగడం వేరు, మానడం వేరు: మా ప్రాజెక్టు కథ

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని ఆఖరిదాకా చదవండి, చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మేము చల్లపల్లిలో హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. ఒకే గదిలో ముగ్గురం. ఒకడు నాగాయలంక దగ్గర యానాదుల కాలనీ, ఒకడు ఎరుకల, ఒకడు మైలవరం వైపు తండా నుంచి వచ్చినవాడు. ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇది టైపు చేస్తున్నది ఒక్కడే అయినా మాట ముగ్గురిదీ, అందుకే ‘మేము’ అని రాస్తున్నాం. ఇరవయ్యేళ్ళ వాళ్ళం, పెద్ద మాటలేమైనా దొర్లితే క్షమించండి.

డిసెంబర్లో ప్రాజెక్టు టాపిక్ ఇవ్వమన్నారు. క్లాసులో సగం మంది లైబ్రరీ మేనేజ్‌మెంట్, మిగతా సగం ఆన్‌లైన్ షాపింగ్. మా సార్ మమ్మల్ని పిలిచి, “మీరు సీ బాగానే రాస్తున్నారు కదా, ఒక చిన్న రన్‌టైమ్ రాయండి. ఒకే ప్రోగ్రాంలో వందల పనులు ఒకదాని పక్కన ఒకటి నడవాలి. ఏ పనైనా ‘నన్ను రెండు సెకన్ల తర్వాత లేపు’ అంటే మిగతా పనులు ఆగకుండా దాన్ని మాత్రమే నిద్రపుచ్చి టైముకి లేపాలి. ఇది చేస్తే మీకు ఆపరేటింగ్ సిస్టమ్స్ సగం వచ్చినట్టే” అన్నారు. మాకు నిజంగా అర్థమైంది పావు వంతే. అయినా సరే అన్నాం. లైబ్రరీ మేనేజ్‌మెంట్ చేస్తే ఎవరూ చూడరనే ఒక్క ఆశ.

మొదట అనుకున్నాం, ఇందులో ఏముంది, సీలో స్లీప్ అని ఫంక్షన్ ఉండనే ఉంది, పిలిస్తే పోయె. రాశాం. రెండు సెకన్లు ఒక పని ఆగింది. దాంతోపాటు మిగతా తొంభై తొమ్మిది పనులూ ఆగాయి. ఎందుకంటే ఆ స్లీప్ నిద్రపుచ్చేది పనిని కాదు, మొత్తం థ్రెడ్‌ని. బస్సులో ఒకళ్ళు టీ తాగాలంటే డ్రైవర్ ఇంజన్ ఆపేసి దిగి పడుకున్నట్టు.

సరే, పనికి ఒక థ్రెడ్ ఇద్దాం అనుకున్నాం. వంద పనులకు బాగానే నడిచింది. పది వేలు పెట్టేసరికి మా పాత ల్యాప్‌టాప్ మూలగడం మొదలుపెట్టింది. లినక్స్‌లో మామూలుగా ఒక్కో థ్రెడ్‌కి 8 ఎంబీ స్టాక్ కోసం చోటు పక్కన పెడతారు. అదంతా ఒకేసారి వాడకపోయినా, థ్రెడ్‌కి అయ్యే ఖర్చు తక్కువేం కాదు. గో భాషలో ఒక గోరొటీన్ 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది. అందుకే అక్కడ లక్ష పెట్టినా నడుస్తుంది. ఆ తేడా చూశాక మాకు దారి తెలిసింది. థ్రెడ్ ఒక్కటే ఉండాలి, పనులు మాత్రం చాలా ఉండాలి. నిద్రపోయేది పని, థ్రెడ్ కాదు.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. దివిసీమకు నీళ్ళు విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి రావాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి కాలువ మా వైపు వచ్చి పులిగడ్డ అక్విడెక్టు మీద కృష్ణ పాయను దాటి దివిసీమలోకి పోతుంది. శివారు పొలాలకు నీళ్ళు చాలనప్పుడు వంతులు పెడతారు. కాలువ మీద లస్కరు ఉంటాడు. ఆయన ప్రతి తూము దగ్గరా ఒక మనిషిని నిలబెట్టడు. ఎవరి వంతు ఎప్పుడో రాసుకుంటాడు. అందరికంటే ముందు వచ్చే వంతు ఏదో చూసుకుంటాడు, అప్పటిదాకా వేరే పని చేసుకుంటాడు, టైముకి వెళ్ళి తూము ఎత్తుతాడు. ఒక్క మనిషి, ఒక్క పుస్తకం, ఎన్ని తూములైనా సరే. సార్ చెప్పిన టైమర్ అచ్చంగా ఇదే.

మా లెక్క ఇలా కుదిరింది. ఏదైనా పని ‘రెండు సెకన్లు’ అంటే రెండు అని రాయం. ఇప్పుడు టైమెంతో దానికి రెండు కలిపి, ఏ క్షణంలో లేపాలో అది రాస్తాం. రెండు అని రాస్తే ప్రతి క్షణం అందరి అంకెలూ తగ్గిస్తూ కూర్చోవాలి. లేపే క్షణం రాస్తే ఒక్కసారి రాసి వదిలేయొచ్చు. ఆ క్షణాలన్నీ హీప్ అనే అమరికలో పెడతాం. హీప్‌లో పైన ఎప్పుడూ అన్నిటికంటే ముందు వచ్చే క్షణం ఉంటుంది. వెయ్యి టైమర్లున్నా కొత్తది చేర్చడానికి పది మెట్లే, పది లక్షలున్నా ఇరవై మెట్లే. రన్‌టైమ్ చేసే పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. సిద్ధంగా ఉన్న పనులన్నిటినీ నడుపు. హీప్ పైన ఉన్న క్షణం వచ్చేసిందా చూడు, వస్తే దాన్ని తీసి సిద్ధం చేయి. రాకపోతే ఇంకా ఎంత టైముందో అంతసేపే కెర్నల్‌తో ‘నన్ను అప్పుడు లేపు, ఈలోపు ఇన్‌పుట్ వస్తే ముందే లేపు’ అని చెప్పి పడుకో. దీనికి మేము పోల్ అనే కాల్ వాడాం.

ఒక్కో పనికి 64 కేబీ స్టాక్ ఇచ్చాం. పని నిద్రపోతుంటే అది ఎక్కడ ఆగిందో, చేతిలో ఏ లెక్కలున్నాయో అన్నీ ఆ స్టాక్‌లో అలాగే ఉంటాయి. లేచాక ఆగిన లైను తర్వాతి లైను నుంచి నడుస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

రాశాక తప్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చిన్నది ముందు చెప్తాం. పోల్‌కి టైము మిల్లీసెకన్లలో ఇవ్వాలి. 1.6 మిల్లీసెకన్లు మిగిలితే మేము 1 అని కొట్టేశాం. అది తొందరగా లేచి, ఇంకా టైము కాలేదని చూసి, ఈసారి మిగిలింది ఒకటి కంటే తక్కువ కాబట్టి సున్నా ఇచ్చి, గిర్రున తిరిగేది. ల్యాప్‌టాప్ ఫ్యాను అరుపుకి పక్క గదివాళ్ళు వచ్చి తిట్టారు. ఎప్పుడూ పై అంకెకు పెంచాలని అప్పుడు తెలిసింది. స్లీప్ అంటే ‘సరిగ్గా అంతసేపు’ అని కాదు, ‘కనీసం అంతసేపు’ అని. ఆలస్యం కావచ్చు, ముందు మాత్రం కాకూడదు.

రెండోది మమ్మల్ని నాలుగు రాత్రులు ఏడిపించింది. కీబోర్డు చదవడానికి ఇంకో థ్రెడ్ పెట్టాం, అది కొత్త పనులు చేరుస్తుంది. ఒక పని పది నిమిషాల నిద్రలో ఉంది, ఇంకేమీ లేవు, కాబట్టి రన్‌టైమ్ పది నిమిషాలు పడుకుంది. అప్పుడు కీబోర్డు నుంచి ఐదు సెకన్ల పని ఇచ్చాం. హీప్‌లో సరిగ్గా పైకి చేరింది. తాళం వేశాం, తీశాం, అన్నీ కరెక్టే. కానీ ఐదు సెకన్లు కాదు, పది నిమిషాలకు లేచింది. పుస్తకంలో తప్పు లేదు. పుస్తకం మారిందని లస్కరుకు ఎవరూ చెప్పలేదు! ఆయన నాలుగింటికి లేద్దామని చెట్టుకింద పడుకున్నాడు, మనం రెండింటి వంతు రాసి వచ్చేశాం. చివరికి ఒక పైపు పెట్టాం. కొత్త టైమర్ హీప్ పైకి వస్తే ఆ పైపులో ఒక్క బైటు రాస్తాం. పోల్ ఆ పైపునీ చూస్తుంటుంది కాబట్టి వెంటనే లేచి మళ్ళీ లెక్క వేసుకుంటుంది. ఆ ఒక్క బైటులో సమాచారం ఏమీ లేదు, భుజం తట్టడం అంతే.

మూడో తప్పు గడియారం. మా ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి ఆగితే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. నెట్ తగిలాక సరైన తేదీకి ఒక్క గెంతు గెంతుతుంది. ఒకరోజు ప్రోగ్రాం నడుస్తుండగా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశాం. గడియారం గెంతింది. గంట తర్వాత లేవాల్సిన పనులు కూడా ‘మా టైము ఎప్పుడో దాటిపోయింది’ అనుకుని అన్నీ ఒక్కసారి లేచాయి. మేము గోడ గడియారం టైము వాడటమే తప్పు. లినక్స్‌లో మోనోటోనిక్ గడియారం అని వేరే ఉంది. దానికి తేదీతో పనిలేదు. మిషను లేచినప్పటి నుంచి ఎంతసేపైందో చెప్తుంది, ఎవరు తేదీ మార్చినా వెనక్కి పోదు.

ఇది సార్‌కి చెప్తుంటే మా నాగాయలంక వాడు నవ్వి, “సార్, మా నాయనమ్మ వాడేది ఇదే గడియారం” అన్నాడు. వాళ్ళ నాన్న పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. నాయనమ్మ మాత్రం ఉప్పెన తర్వాత రెండో ఏడు, కోతలప్పుడు అంటుంది. ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. దివిసీమలో మనవాళ్ళ లెక్కలన్నీ ఆ రోజు నుంచే, ముందు ఇన్నేళ్ళు, తర్వాత ఇన్నేళ్ళు. ఆఫీసు కాగితంలో తేదీ ఒక్కోచోట ఒక్కోలా పడింది గానీ నాయనమ్మ లెక్క ఎప్పుడూ మారలేదు.

ఈ తప్పు మేమే చేశామని సిగ్గుపడ్డాం గానీ పెద్దవాళ్ళూ చేశారు. 2017 జనవరి 1న మన టైము ప్రకారం ఉదయం ఐదున్నర ముందు లోకమంతా గడియారాలకు ఒక సెకను కలిపారు, లీప్ సెకండ్ అంటారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో గో భాషలో రాసిన ఒక డీఎన్ఎస్ ప్రోగ్రాంలో రెండు టైముల తేడా మైనస్‌లోకి పోయి, ఆ అంకె మింగుడు పడక ప్రోగ్రాం పడిపోయింది. కాలం వెనక్కి పోదని రాసినవాళ్ళు నమ్మారు, గోడ గడియారం మాత్రం పోయింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన గో 1.9లో టైము విలువలోనే మోనోటోనిక్ లెక్క కూడా కలిపారు.

చదివేకొద్దీ ఇంకా తెలిసింది. గోలో మొదట టైమర్లన్నిటికీ ఒకటే హీప్, ఒకటే తాళం. ప్రాసెసర్లు ఎక్కువయ్యేసరికి అందరూ ఆ తాళం దగ్గర క్యూ కట్టేవారు. 2018లో 1.10లో దాన్ని 64 హీప్‌లు చేశారు. 2020లో 1.14 నుంచి ఒక్కో ప్రాసెసర్ వంతుకు ఒక్కో హీప్. ఎరిక్సన్ కంపెనీలో పుట్టిన ఎర్లాంగ్ భాషలో అయితే ‘ఇంతసేపు ఉత్తరం కోసం చూడు, రాకపోతే ముందుకు పో’ అనే మాట భాషలోనే ఉంది. అది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన భాష. వేల కాల్స్ ఒక్కోటీ ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తుంటాయి మరి. హీప్ కాకుండా టైమింగ్ వీల్ అని ఇంకో పద్ధతి కూడా ఉంది. గడియారంలా గుండ్రంగా గదులు, ముల్లు ఏ గదికొస్తే ఆ గదిలో ఉన్నవాళ్ళంతా లేస్తారు. దాని మీద పేరున్న పేపర్ 1987లో జార్జ్ వర్గీస్, టోనీ లాక్ రాశారు. వర్గీస్ ఐఐటీ బొంబాయిలో చదివిన మనదేశం ఆయనే.

ఇంతవరకూ ప్రాజెక్టు. ఇప్పుడు అసలు సంగతి.

సంక్రాంతికి ముగ్గురం ఇళ్ళకు వెళ్ళాం. ఇద్దరం తిరిగొచ్చాం. నాగాయలంక వాడు రాలేదు. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా. రాత్రి గట్టు మీద జారిపడి కాలు విరిగింది. పని మానేద్దామంటే యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంది. మనిషి లేకపోతే అడ్వాన్సు తిరిగి కట్టాలి. అందుకని కొడుకు గట్టెక్కాడు. మనలో చాలామందికి ఇది తెలిసిన కథే.

వారం అయింది, రెండు వారాలైంది. హాజరు తీసేటప్పుడు వాడి పేరు దగ్గర నిశ్శబ్దం. ఎవరో, “వాడు మానేశాడంట గదా” అన్నారు. మేమూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాం. ప్రాజెక్టులో వాడి భాగం మేమే పంచుకున్నాం.

వాడి భాగం ఏంటంటే టైమర్ రద్దు చేయడం. ఒక పని గంట నిద్రలో ఉంది, ఈలోపు అది అక్కర్లేదన్నారు. హీప్ మధ్యలోంచి దాన్ని వెతికి పీకడం కష్టం. అందుకని చాలాచోట్ల పీకరు, ‘రద్దు’ అని గుర్తు పెట్టి వదిలేస్తారు, పైకొచ్చినప్పుడు పారేస్తారు. పైథాన్ అసింక్‌ఐఓలో కూడా అంతే. టైమర్లు వంద దాటి, వాటిలో సగానికి మించి రద్దయినవే ఉంటే అప్పుడు ఊడ్చి శుభ్రం చేస్తుంది. ఆ కోడ్ రాస్తూ ఒక రాత్రి మాకు ఒక తప్పు దొరికింది. రద్దు చేయమని ఎవరూ చెప్పని పనులు కూడా పోతున్నాయి. చూస్తే, నిద్రలో ఉన్న పని, అయిపోయిన పని, రెండిటికీ మేము ఒకే గుర్తు వాడాం. రెండూ ‘ఇప్పుడు నడవట్లేదు’ కాబట్టి ఒకటే అనుకున్నాం. ఊడ్చేటప్పుడు నిద్రపోతున్నవాళ్ళ స్టాక్‌లు కూడా ఖాళీ చేసేస్తున్నాం.

కోడ్ సరిచేయడానికి రెండు లైన్లు పట్టింది. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. మావాడు మానేశాడా, ఆగాడా? మేమూ ఒకే గుర్తు వేశాం కదా.

ఆ ఆదివారం బస్సెక్కి మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళాం. సాయంత్రానికి చెరువు దగ్గరికి చేరాం. పాకలో మంచం మీద వాళ్ళ నాన్న, కాలికి కట్టు. “వచ్చారా అయ్యా” అని లేవబోతే, “లేవమాక బాబాయ్” అన్నాం. రాత్రి వాడితోనే ఉన్నాం. నాలుగు చెరువులు, నాలుగింటికీ ఏరియేటర్లు. రాత్రి నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారు చేయదు, అందరూ వాడేస్తారు, తెల్లవారుజామున బాగా తక్కువైపోతుంది. అప్పుడు చక్రాలు తిరగకపోతే రొయ్య తేలిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ వేయాలి.

మేము గొప్పగా, “మన రన్‌టైమ్ నీ ఫోన్లో పెడతాం రా, నాలుగు చెరువులకూ నాలుగు టైమర్లు” అన్నాం. వాడు మా మొహాలు చూసి, “ఫోన్లో అలారం ఉంది గదరా” అన్నాడు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నిజమే, వాడికి కావాల్సింది అది కాదు. నిద్ర లేపే అలారం వాడి దగ్గర ఉంది. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో వాడికి తెలీదు. హాజరు తగ్గితే కారణం చూపించి అర్జీ పెట్టుకోవచ్చని తెలీదు. ప్రాజెక్టు వైవా ఎప్పుడో తెలీదు. రోజులు ఎలా పోయాయో కూడా వాడికి తెలియలేదు. “ఇంకేం వస్తాంలే రా, టైము దాటిపోయింది” అన్నాడు. దాటలేదు. ఫీజుకి ఇంకా పదకొండు రోజులుంది.

నోట్‌బుక్‌లో తేదీలు రాశాం. ఏ తేదీకి ఎవరు ఫోన్ చేయాలో పక్కనే రాశాం. హాస్పిటల్ కాగితాలు ఫోటో తీసుకొచ్చి సార్‌కి చూపించాం, అర్జీ ఎలా రాయాలో ఆయన చెప్పారు. వార్డెన్ సార్ మంచం తీసేయకుండా ఉంచారు. పరీక్షలకు, వైవాకు కావాల్సిన రోజులు వాడి చిన్నాన్న గట్టు మీద ఉంటానన్నాడు. ఆయనకు కూడా ముందురోజు మేమే ఫోన్ చేసి గుర్తుచేశాం.

నలభై ఏడో రోజున వాడు సంచి భుజాన వేసుకుని గదిలోకి వచ్చాడు. వాడి పుస్తకాలు వాడు పెట్టినచోటే ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెరిచి, “ఎక్కడ ఆపాను రా?” అని అడిగాడు.

వైవాలో బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం, “నిద్రపోతున్న టాస్క్ మీకు బరువా?” అని అడిగారు. వాడే చెప్పాడు. “మేడం, దాని స్టాక్ ఉంటుంది కాబట్టి కొంచెం మెమరీ పోతుంది. సీపీయూ మాత్రం ఏమీ తినదు. ఎప్పుడు లేపాలో రాసుంటే చాలు. రాయకపోతే అది ఎప్పటికీ లేవదు, దానికంతట అది లేవలేదు.” మేడం తలూపి పేజీ తిప్పారు. మార్కులు ఇంకా రాలేదు. వాళ్ళ నాన్న కాలు కూడా ఇంకా పూర్తిగా నయం కాలేదు. అడ్వాన్సు అలాగే ఉంది. అన్నీ బాగైపోయాయని మేము చెప్పట్లేదు.

ఇప్పుడు మీతో పని. మన కాలనీల్లో, తండాల్లో, గూడేల్లో చదువు మధ్యలో ఆగినవాళ్ళని అందరం ‘మానేశాడు’, ‘మానేసింది’ అంటాం. ఆ మాట అనేముందు ఒకసారి అడగండి. ఆగిన ప్రతివాళ్ళ తలలో వాళ్ళు చదివింది అలాగే ఉంది. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎవరున్నారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎక్కడ ఆగారు, తిరిగి చేరడానికో పరీక్ష కట్టడానికో వచ్చే ఆఖరి తేదీ ఏది, ఆ తేదీకి ముందు ఫోన్ చేసేది ఎవరు. ఈ మూడూ ఉంటే చాలు. పేర్లు మాత్రం ఇక్కడ గ్రూపులో పెట్టొద్దు, వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. తేదీలు, అర్జీల సంగతులు తెలిసినవాళ్ళు ఆ వివరాలు పెట్టండి, అందరికీ పనికొస్తాయి.

మా పుస్తకంలో ఇప్పటికి ఐదు పేర్లున్నాయి. మొదటి ఫోన్ వచ్చే సోమవారం చేయాలి.

జై ఆదివాసీ.